బడిని సరుకులా చూసిన ఆవిడ

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో ఎండ గురించి, గాల్లో ఎగిరిన దూది గురించి రాసి ఊరుకున్నాను. ఒకావిడ తన కూతుర్ని మా బడిలో చేర్చేముందు, "నువ్వు ఈ బళ్లోనే ఉంటావు గదా?" అని నన్నడిగింది. "ఉంటానండి" అన్నాను. పొదిలి దగ్గర ఒక పల్లెలో సర్కారు బడి ఉద్యోగానికి నాకు ఆర్డరు కాగితం అప్పటికి రెండు రోజుల ముందే వచ్చింది. ఆ మాట అన్నప్పుడు అది నా చేతిసంచిలోనే, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం పేజీల మధ్య ఉంది.

పోయిన వారం ఆ కూతురి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఐదో తరగతి. నేను వెళ్లిపోయాక వాళ్లమ్మ రెండు బళ్లు మార్పించి, చివరికి చీరాలలో ఒక హాస్టల్లో చేర్చింది. నేను ఆ బడి వదిలి వెళ్లేరోజు దాని నోటుబుక్కు వెనక అట్ట మీద నా చిరునామా రాసిచ్చాను. పండక్కీ పరీక్షలకీ ఒక ఇన్‌లాండ్ కవరు రాస్తుంటుంది. ఈసారి రెండే ముక్కలు రాసింది. "టీచర్ గారూ, మా అమ్మ చనిపోయింది. కల్లంలో కాయలు ఏరుతూ పక్కకి ఒరిగిపోయిందంట. నేను వెళ్లేసరికి చేతులు కడిగి పెట్టారు. మా అమ్మ చేతులు అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు."

చదివి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఇక్కడి పొలాలు ఎర్రమట్టివి, రాళ్లవి. ఎంత దూరం చూసినా ఎండుమిర్చి ఎరుపు కనపడదు. అయినా ముక్కులో సన్నగా ఘాటు తగిలింది.

ఆవిడ పేరు రాయను. ఆ పేరు బడి రిజిస్టర్లో రాసింది నేనే, కానీ మేమెవ్వరం ఆవిణ్ణి పేరుతో పిలవలేదు. 

మా బడి ఒకప్పటి పొగాకు గోడౌను. మధ్యలో తడికలు కట్టి నాలుగు గదులు చేశారు. సిస్టర్లు గానీ చర్చి గానీ దగ్గర్లో లేకపోయినా ఊరంతా దాన్ని కాన్వెంటు అనేవారు, ఇంగ్లీషు మీడియం కాబట్టి, పిల్లలకి ఎలాస్టిక్ టైలు ఉన్నాయి కాబట్టి. వాన పడితే గోడల్లోంచి పాత పొగాకు వాసన వచ్చేది. పక్కనే పత్తి జిన్నింగు మిల్లు. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మిల్లులోంచి దూది పింజలు మా కిటికీల్లోకి తేలుతూ వచ్చి పిల్లల జుట్టు మీద, నల్లబల్ల అంచు మీద వాలేవి. మధ్యాహ్నం ఏటవాలు ఎండలో అవి పైకీ కిందకీ ఈదుతుంటే చెప్తున్న పాఠం మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు కూడా ఆగి చూసేవాళ్లు. ఒకటో తరగతి మొత్తం తలెత్తి మాటాడకుండా దూది చూస్తున్న రోజులు ఎన్నో ఉన్నాయి. బడి నడిపే కరస్పాండెంటు గారు తడిక పక్కనుంచి, "ఏమ్మా, పాఠమా, జోలపాటా?" అనేవారు. స్టాఫులో నాకు మూగ టీచరు అని పేరు. పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆవిడ మొదటిసారి కనపడింది అలాంటి రోజుల్లోనే. రోడ్డుకి అవతల సైకిల్ షాపు రేకుల నీడలో నిలబడి ఉంది. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాల. మిరప కల్లాల్లో పని చేసే ఆడవాళ్లు అట్లాగే వేసుకుంటారు. పొడుగ్గా, సన్నగా, రెండు చేతులూ ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా పెట్టుకుని నిలబడేది. పక్కన ఆరేళ్ల పిల్ల. ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకోదు. చొక్కా అంచు పట్టుకుంటుంది.

ఇంటర్వెల్ అయ్యేదాకా ఉండి వెళ్లిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు మా ఆయాకి అనుమానమొచ్చి గేటు దగ్గర్నుంచే కేకేసింది.

"ఏందమ్మోయ్, మూడ్రోజుల్నించి బడివంక అట్టా చూస్తన్నావు? కొంటావా ఏంది?"

"కొనేదానికే చూస్తన్నా. తొందరేముంది?"

"చూసేదానివి ఇంటి బెల్లప్పుడు రా. పిల్లలందరూ బయటికొస్తారు, కావాల్సినంతసేపు చూడొచ్చు."

"ఇంటి బెల్లుకి ఏ బళ్లో పిల్లోళ్లయినా ఉరుక్కుంటానే వస్తారు. అది చూసేదేముంది? ఇంటర్వెల్ అయినాక లోపలికి ఎట్టా పోతన్నారో చూడాల."

ఆయా నా వైపు తిరిగి, ఈవిడెవరో పిచ్చిదానిలా ఉందని కళ్లతోనే చెప్పింది. నేను మాత్రం ఆ రాత్రి ఆ మాటని డైరీలో రాసుకున్నాను. మర్నాడు ఇంటర్వెల్ తర్వాత గుమ్మం దగ్గర నిలబడి నా పిల్లలు లోపలికి ఎలా వస్తున్నారో మొదటిసారి చూశాను. కొందరు గెంతుతూ వచ్చారు. ఇద్దరు వచ్చే ముందు గుమ్మం దగ్గర ఆగి, నా మొహం చూసి అడుగుపెట్టారు. నేనంటే కూడా ఎవరైనా భయపడతారని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆవిడ మిరపకాయల ముఠాకి పెద్ద. ముప్పై మంది ఆడవాళ్లని వెంటబెట్టుకుని కల్లాల్లో తొడిమలు తీయించేది. అంతకంటే పెద్ద పేరు ఇంకొకటుంది. సరుకు చూట్టంలో మా చుట్టుపక్కల ఆవిడంత వాళ్లు లేరనేవారు. ఒకసారి బడికి వస్తూ దారిలో నేను కళ్లారా చూశాను. రైతు బస్తా మూతి విప్పి, "చూడు, ఎంత ఎరుపో" అన్నాడు. ఆవిడ పైనున్న కాయల వంక చూడనన్నా లేదు. చొక్కా చెయ్యి పైకి లాక్కుని మోచేతిదాకా బస్తాలోకి దూర్చింది. మధ్యలోంచి గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. ఒక కాయ విరిచి వాసన చూసింది. గుప్పెట్లోంచి తెల్లగా పాలిపోయిన తాలు కాయలు రెండు ఏరి, రైతు అరచేతిలో పెట్టింది. పైన మంచి కాయలు పరిచి కింద తాలు కలపటం అందరూ చేసే పనే. ఆ రైతు నవ్వేసి, "నీ చెయ్యి పడకుండా అమ్ముకోవాలే అక్కా" అన్నాడు.

"చదువు నాకు రాదు. సరుకు చూట్టం వచ్చు" అనేది ఆవిడ. ఎవరేం అడిగినా దాదాపు అదే జవాబు.

మా బడి కంటే ముందు నాలుగు బళ్లు చూసిందట. గుంటూరులో ఒక పెద్ద బడి నచ్చలేదు. ఎందుకంటే, "ఆపీసు గదిలో రెండు ఫ్యాన్లు. పిల్లోళ్ల గదిలో కొక్కేలున్నాయి, ఫ్యాన్లు లేవు." ఇంకో బళ్లో మంచినీళ్ల డ్రమ్ము మూత ఎత్తి చూసి మళ్లీ మూసి వచ్చేసిందట. ఏం కనపడిందో చెప్పలేదు. ఒకచోట పిల్లల్ని చేతులు చాపమంది. వాళ్లు చాపారు, కానీ కళ్లు మూసుకుని చాపారు. "ఇంక టీచర్ని చూసే పనేముంది?" అంది.

నాలుగో రోజు రోడ్డు దాటి లోపలికొచ్చింది.

కొత్తగా పిల్లల్ని చేర్చటానికి ఎవరొచ్చినా కరస్పాండెంటు గారు ముందు ఒక పని చేసేవారు. నా తరగతి నుంచి ముగ్గుర్ని పిలిపించేవారు, ఎప్పుడూ ఆ ముగ్గురినే. వాళ్లు చేతులు కట్టుకుని ఇంగ్లీషులో పేరు, నాన్న పేరు, ఒక పాట, వారాల పేర్లు గడగడా ఒప్పజెప్పేవారు. తల్లిదండ్రుల మొహాలు వెలిగేవి. ఆ ముగ్గురినీ తయారు చెయ్యటం నా పని. ఆ పని బాగా చేస్తానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆవిణ్ణి ఆయన కూర్చోమనలేదు. చొక్కా, తువ్వాల పైనుంచి కిందకి చూశారు.

"మీ పేటలో బడి ఉందిగదమ్మా?"

"ఉంది సారూ. పంతులు గారు మంచోడే. కనపడ్డప్పుడు బాగానే చెప్తాడు."

"మరింకేం?"

"పెద్దదాన్ని అందులోనే వేశా. తొమ్మిదేళ్లకి వచ్చి నా పక్కన కూర్చుంది, తొడిమలు తీసేదానికి. ఇప్పుడు దాని చేతులు గూడా నా చేతులే." చొక్కా అంచు పట్టుకున్న పిల్ల తలని మోచేత్తో తన వైపు జరుపుకుంది. "ఇది ఒక్కటన్నా తన కళ్లు తను తుడుచుకోవాల."

ఆయనకి అర్థం కాలేదు. నాకు కూడా అప్పుడు కాలేదు. ఆయన ముగ్గురిని పిలిపించారు. వాళ్లు ఎప్పట్లాగే ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పారు. ఆవిడ చివరిదాకా విని తల ఊపింది.

"బాగా చెప్పారు నాయనా. సారూ, ఇయ్యి పైన పరిచిన కాయలు. మధ్యలోయి చూపించండి."

ఆయన మొహం ఎర్రబడింది. నేను నేల వంక చూశాను. నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. ఆవిడ ఆయన జవాబు కోసం ఆగలేదు. తడిక పక్కకి జరిపి నా తరగతి గదిలోకి వచ్చేసి, మధ్య బెంచీలో మధ్యన కూర్చున్న అమ్మాయి ముందు ఆగింది. ఆ అమ్మాయికి చదువు నెమ్మది. ఎవరైనా కొత్తవాళ్లు చూస్తే నోట్లోంచి మాట రాదు. అందుకే ఎవరొచ్చినా ఆ బెంచీ కనపడకుండా నేను నిలబడేదాన్ని.

"నువ్వు చదువమ్మా."

అమ్మాయి లేచింది. పుస్తకం తెరిచింది. పెదాలు కదిలాయి గానీ శబ్దం లేదు. కరస్పాండెంటు గారు గుమ్మంలోంచి, "చదవవేం?" అన్నారు. ఆ పిల్ల మొహంలో ఉన్నది నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు తరగతిలో నేనూ అలాగే నిలబడేదాన్ని. ఏం చేస్తున్నానో ఆలోచించకుండా వెళ్లి బెంచీ మీద దాని పక్కన కూర్చున్నాను. దాన్నీ కూర్చోబెట్టాను. అక్షరాల కింద వేలు పెట్టాను. నేను చదవలేదు, ఊరికే వేలు పెట్టి ఉంచాను. కొంచెంసేపటికి అది సన్నగా, దాదాపు నా చెవికే, ఒక్కో మాట చదివింది. నాలుగు మాటల వాక్యం. ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. కిటికీలోంచి దూది వస్తూనే ఉంది.

అప్పుడే ఆవిడ కూతురు కన్ను పట్టుకుని ఏడవటం మొదలుపెట్టింది. కంట్లో పింజ పడింది. ఆవిడ వంగింది, రెండు చేతులూ పైకెత్తింది, అక్కడే ఆపేసింది. గాల్లో ఆగిన ఆ చేతులు నాకిప్పటికీ కనపడతాయి. వేళ్ల కొనలు మైనం పూసినట్టు నున్నగా మెరుస్తున్నాయి, గోళ్ల చుట్టూ ఎర్రగా ఉంది.

"అమ్మాయీ, నువ్వు తియ్యి. నా చేతులు కడిగినా పోదు ఘాటు. దీన్ని కన్న దగ్గర్నించి దీని మొహం ముట్టుకోలా నేను."

మోకాళ్ల మీద కూర్చుని, నా కొంగు కొస తడిపి, పిల్ల కంటి మూలలోంచి పింజ తీశాను. పిల్ల కళ్లు చికిలించి నన్ను చూసింది. ఆవిడ నా చేతుల వంక చూస్తోంది. సుద్దముక్క పొడి అంటిన, వేరే ఏ పనీ ఎరగని నా చేతుల వంక.

"ఈ బళ్లోనే వేస్తా" అంది లేస్తూ. తర్వాత గొంతు తగ్గించి, "బడి సంగతి అంతంతమాత్రమే. ఆ సారు సంగతి చెప్పక్కర్లా. నిన్ను చూసి వేస్తన్నా. నువ్వు ఈ బళ్లోనే ఉంటావు గదా?"

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అప్పటిదాకా నన్ను ఎవరూ ఎంచుకోలేదు. చుట్టాల పెళ్లిళ్లకి వెళ్తే ఫోటోలో చివర నిలబడేదాన్ని. స్టాఫ్ మీటింగులో నా మాట ఎవరో ఒకరు పూర్తి చేసేవారు. ఒక మనిషి నాలుగు బళ్లు తిరిగి, నాలుగు రోజులు ఎండలో నిలబడి, అన్నీ తేల్చి చూసి, చివరికి నా దగ్గర ఆగింది. ఆ మాట ఇంకొంచెంసేపు వినాలనిపించింది. కాగితం సంచిలో ఉంది. పదిహేను రోజుల్లో వెళ్లి చేరాలి. ఆ ఒక్క పూటకి అది వేరే ఎవరి కాగితమో అనుకున్నాను.

"ఉంటానండి."

రిజిస్టర్లో వేలిముద్ర వెయ్యమంటే వేసింది. గీతలేవీ పడలేదు, నున్నటి నల్లమచ్చ పడింది. రెండోసారి అద్దితే రెండో మచ్చ. కరస్పాండెంటు గారు విసుక్కుంటే, "అరిగిపోయినయి సారూ. కాయలు తినేసినయి" అంది.

జూన్ దాకా ఆగొద్దు, రేపట్నుంచే కూర్చోబెట్టమంది. ఆ పిల్ల మధ్య బెంచీలో, చదవటానికి ఐదు నిమిషాలు పట్టిన అమ్మాయి పక్కన కూర్చుంది. తొమ్మిది రోజులు కూర్చుంది. నేను ఎటు నడిస్తే అటు తల తిప్పేది. నెమ్మదిగా మాట్లాడితే తనూ నెమ్మదిగా మాట్లాడేది. మూడో రోజుకల్లా ఇంటర్వెల్లో బయటికి పోకుండా నా కుర్చీ పక్కన నిలబడి చీర అంచు పట్టుకోవటం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట ఎప్పుడైనా కిటికీ అవతల తువ్వాల కనపడేది. ఆవిడ వచ్చి, ఒక్క నిమిషం లోపలికి చూసి, పలకరించకుండా వెళ్లిపోయేది. ప్రతిసారీ ఇప్పుడు చెప్పాలి అనుకునేదాన్ని. గుమ్మం దాకా వెళ్లేసరికి రోడ్డు మీద ఎవరూ ఉండేవారు కాదు. లేకపోతే నేనే నెమ్మదిగా వెళ్లేదాన్నేమో.

పదో రోజు శనివారం, ఒంటిపూట బడి. మధ్యాహ్నం నడుచుకుంటూ కల్లానికి వెళ్లాను. 

ఆ దారి ఇప్పుడు తలుచుకుంటే నిజంగా నడిచానా, కల్లో నడిచానా అనిపిస్తుంది. ఊరు దాటగానే రెండు వైపులా నల్లరేగడి మీద ఎరుపు మొదలవుతుంది. చేల అంచుల దాకా, ఆ తర్వాత ఆకాశం అంచు దాకా పరిచిన కాయలు. ఎండకి వాటి పైన గాలి వణుకుతుంటుంది. దూరాన ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. మూతులకి గుడ్డలు కట్టుకున్నారు కాబట్టి మాటలు వినపడవు, తొడిమ తుంచే చప్పుడు మాత్రం ఎక్కడో సన్నగా వాన మొదలైనట్టు వినపడుతుంది. నేను దగ్గరికి వెళ్లేకొద్దీ తుమ్ములు, దగ్గు, కళ్లలో నీళ్లు. ఆడవాళ్లు నవ్వారు. "టీచరమ్మకి కాయలు సరిపడలా అక్కా" అంది ఒకామె.

ఆవిడ ఒక్కతే మూతికి గుడ్డ కట్టుకోలేదు. జరిగి నాకు గోనెపట్టా మీద చోటిచ్చింది.

"నాకు సర్కారు ఉద్యోగం వచ్చిందండి. పొదిలి వైపు. సోమవారం వెళ్తున్నాను."

ఎన్నోసార్లు మనసులో చెప్పుకున్న వాక్యం. బయటికి వచ్చేసరికి ఎంత చిన్నగా ఉందో.

ఆవిడ చేతులు ఆగలేదు. ఒక కాయ, ఒక తొడిమ. ఇంకో కాయ.

"సర్కారుదా. పోమ్మా. వచ్చిందాన్ని వదులుకోబాక."

"పాపని..."

"నీ తర్వాత ఎవరొస్తారు?"

"తెలీదండి."

తల ఊపింది. ఇంకో నాలుగు కాయలు తీసింది. అప్పుడు అడిగింది.

"ఎప్పుడొచ్చింది కాగితం?"

చెప్పటానికి దేవుడిచ్చిన అవకాశం అది. కళ్లలో నీళ్లు ఎలాగూ కారుతున్నాయి, ఎవరికీ తేడా తెలియదు. ఒక్క మాట చాలు.

"మొన్నండి" అన్నాను.

అప్పుడు ఆవిడ చేతులు ఆగాయి. నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, జాలిగా కూడా కాదు. ఎండలో కళ్లు కొంచెం చికిలించి, తొందరేమీ లేకుండా, ఎంతసేపో. నేను పక్కకి చూశాను. కల్లం చివర తాటాకు పందిరి నీడలో పిల్ల ఒక్కతే ఆడుకుంటోంది. తాలు కాయల్ని తెచ్చి వరసలు వరసలుగా పేర్చింది. అవి బెంచీలు, పిల్లలు. తను టీచరు. మధ్య వరస దగ్గర గొంతుక్కూర్చుని, ఒక తెల్లకాయ కింద వేలు పెట్టి, దాని జవాబు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

ఆవిడ కూడా అటే చూసింది. ఒళ్లో కాయలు దులుపుకుంది. తర్వాత నాతో అన్న మాట అదొక్కటే, మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

"అదుగో, అక్కడుంది. దానికి నువ్వే చెప్పు. నేను చెప్పను."